ఎడమ స్తంభం

ఆదివారం

ప్రియమైన అక్కకి,

ముందు తిట్టేయి, తర్వాత చదువు. ఉత్తరం రాసి నెల దాటింది, ఒప్పుకుంటున్నాను. ఫోన్ చేద్దామంటే మీ షాపు యజమాని పక్కనే నిలబడి కళ్ళజోళ్ళు తుడుస్తున్నట్టు నటిస్తూ అంతా వింటాడు. ఆయన చెవిలో వేయడం కంటే పోస్టు డబ్బాలో వేయడమే నయం.

ఇక్కడ సీజన్ సగం దాటింది. ముప్పై ఆరేళ్ల గోల్ కీపర్ని చూసి జనం చప్పట్లు కొడుతున్నారు గానీ, అవి ఆటకో వయసుకో తెలియడం లేదు. మా క్లబ్బులో వేళ్ళకి పట్టీలు చుట్టే ముసలాయన ఉన్నాడే, నా పది వేళ్ళలో వంకర పోనిది ఒక్కటే మిగిలిందని, దానికీ రోజులు దగ్గర పడ్డాయని అంటున్నాడు. కాంట్రాక్టు ఈ సీజన్‌తో అయిపోతుంది. బాగా ఆడితే ఇంకో రెండేళ్లు. లేదంటే గ్లవ్స్ మేకుకి తగిలించి, ఎక్కడో బడిలో పిల్లల చేత గుంజీలు తీయించడమే. నాకు గోల్లో నిలబడటం తప్ప ఇంకో పని రాదని నీకు తెలుసు కదా.

ఇప్పుడొక సంగతి చెబుతాను. నవ్వకు.

మొన్న బుధవారం మ్యాచ్‌లో నా ఎడమ వైపు, కింద నుంచి ఒక బంతి వచ్చింది. పెద్ద గొప్ప షాటేం కాదు. కళ్ళు మూసుకుని పట్టేయాల్సిన బంతి. నేను దూకలేదు. ఎందుకంటే అక్కడ ఎవరో నిలబడి ఉన్నారు. ఎడమ పోస్టుని ఆనుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు కిందికి వదిలేసి. నేను దూకితే నేరుగా వెళ్లి వాళ్ళ మీద పడతాను. అందుకని ఆగిపోయాను, బంతి లోపలికి వెళ్లిపోయింది. తల తిప్పి చూస్తే పోస్టు తప్ప ఎవరూ లేరు.

కాలు జారిందని కోచ్‌కి చెప్పాను. నమ్మాడు. నేను నమ్మలేకపోతున్నాను.

నీ
పిల్లి


శుక్రవారం

ప్రియమైన పిల్లిగాడికి,

నవ్వకు అని రాసి నవ్వించావు. దయ్యాలకి టిక్కెట్టు కొనే పనుండదు కాబట్టి అంత దగ్గర్నుంచి చూస్తున్నాయేమోలే.

సరే, షాపు మనిషిగా ఒక మాట చెబుతాను, విను. కంటి కొసన నీడ కనిపిస్తోందని మా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు. తల తిప్పితే మాయమవుతోందంటారు. దయ్యమూ కాదు, దేవుడూ కాదు, కంటి వెనక పొర సంగతి అది. అశ్రద్ధ చేస్తే చూపు పోతుంది. నువ్వు రేపే వెళ్లి కళ్ళ డాక్టరుకి చూపించుకో. కళ్ళజోడు పెట్టుకుని గోల్లో నిలబడితే ఎలా ఉంటావో తలచుకుంటే మళ్ళీ నవ్వొస్తోంది గానీ, వెళ్లు. అక్క మాట చద్దిమూట అనుకుని వెళ్లు.

ఇక్కడ కొత్త సంగతులు పెద్దగా లేవు. మన పాత ఇంటి వెనక సందులో కరెంటు స్తంభం పీకేశారు. తీగలన్నీ భూమిలోంచి వేస్తున్నారట. అటుగా వెళ్తే సందు బోడిగా కనిపించింది. నాకు కొంచెం పన్ను నొప్పిగా ఉంది, మధ్యాహ్నాలు షాపు నుంచి తొందరగా వెళ్లి చూపించుకుంటున్నాను. పక్కింటి పిన్ని తోడొస్తోంది. వద్దన్నా వినదు, దారంతా తన మోకాళ్ళ గురించి చెబుతుంది. పంటి నొప్పి కంటే అదే ఎక్కువగా ఉంది.

సరిగ్గా తిను. ఎడమ వైపు చూడు.

నీ అక్క


సోమవారం

ప్రియమైన అక్కకి,

వెళ్లాను. గోడ మీద అక్షరాలన్నీ చదివించి, కళ్ళలో చుక్కలు వేసి, దీపం పెట్టి లోపలిదాకా చూశాడు. ఇంత మంచి కళ్ళు ఈ నెలలో చూడలేదన్నాడు. ఇక నీ షాపుకి నా వల్ల బేరం లేదు.

మరి కనిపిస్తున్నదెవరు?

అక్కా, నాకు తెలిసిపోయింది. అన్నయ్య.

మన సందు గుర్తుందా? కుడి వైపు కరెంటు స్తంభం. ఎడమ వైపు ఏమీ లేదు. రాయి పెడితే, బంతి రాయి లోపల్నుంచి వెళ్లిందా, పైనుంచి వెళ్లిందా అని రోజూ కొట్లాటే. అందుకని రెండో స్తంభంగా మనిషే నిలబడాలని అన్నయ్య రూలు పెట్టాడు. స్తంభం కదలకూడదు, స్తంభం మాట్లాడకూడదు, స్తంభం ఏడవకూడదు. ఎన్ని సాయంత్రాలు అలా నిలబడ్డాడో! నాకు ఆ రెండు స్తంభాల మధ్య ఎంత దూరమో ఇప్పటికీ ఒంట్లో ఉంది. నన్ను కీపర్ని చేసింది ఆ సందే. నేను క్రీడా హాస్టల్‌కి వెళ్లిన ఏడాదే అన్నయ్యని లారీ గుద్దేసింది. నన్ను అసలు గోల్‌పోస్టుల మధ్య ఒక్కసారి కూడా చూడకుండానే వెళ్లిపోయాడు. అందుకే ఇప్పుడు వస్తున్నాడు.

ఒకసారి నేను ఎడమకి దూకి, వెళ్లి స్తంభాన్ని గుద్దేశాను, గుర్తుందా? నా తల తగిలి కనుబొమ్మ చిట్లింది. కంట్లోకి రక్తం కారుతున్నా కదల్లేదు. నేనే గుక్కపట్టి ఏడ్చాను. అదే ఇప్పుడు నన్ను ఆపేస్తోంది. ఎడమకి దూకబోతే ఆ చిట్లిన చప్పుడు ముందుగా వినిపిస్తోంది.

కోచ్ క్యాసెట్ వేసి చూపించాడు. వరసగా మూడు గోల్స్, మూడూ ఎడమ వైపే. బొమ్మ ఆపి, "ఇక్కడ నువ్వేం చూస్తున్నావు?" అన్నాడు. నేనేం చెప్పను? మా అన్నయ్యని అని చెబితే నన్ను వేరే డాక్టరు దగ్గరికి పంపిస్తాడు.

భయంగా ఉందక్కా. అన్నయ్యంటే కాదు. బంతి ఎడమకి వస్తుందేమోనని.

నీ
పిల్లి


గురువారం

ప్రియమైన పిల్లిగాడికి,

నీ ఉత్తరం చదివాను. అన్నయ్యే అంటావా? సరే.

ఏయే రోజుల్లో వస్తున్నాడు? మ్యాచ్‌లలోనేనా, ప్రాక్టీసులో కూడానా? ఆదివారాలు కూడా వస్తున్నాడా? సరిగ్గా చూసి రాయి.

పడుకుని రాస్తున్నాను, అందుకే గీతలు వంకర పోతున్నాయి. పన్ను పీకారు. ఇంకా ఎక్కువ రాయలేను.

భయపడకు. ఎవరైనా గానీ, నీకు చెడు చేయడానికి రారు.

నీ అక్క


ఆదివారం

ప్రియమైన అక్కకి,

నేను రెండు కాగితాల నిండా ఏడిస్తే నువ్వు నాలుగు ముక్కలు రాసి పడేశావు. పన్ను పీకితే చేతికేమైంది? కోపమొచ్చి ఇన్ని వారాలు జవాబు రాయలేదు. కోపంలోనే షాపుకి ఫోన్ చేశాను. సెలవులో ఉందన్నాడు మీ యజమాని. అంతకు మించి నోరు విప్పలేదు. ఆయన నోరు విప్పకపోవడం ఎప్పుడైనా విన్నామా? నువ్వు సెలవు పెట్టడం అంతకంటే వినలేదు. ఏమిటి సంగతి?

నువ్వడిగినవి గమనించాను. మ్యాచ్ అని కాదు, ప్రాక్టీసు అని కాదు, మామూలు రోజుల్లో సాయంత్రం కాబోతుండగా వస్తాడు. కాసేపు ఉండి పోతాడు. ఆదివారాలు రాడు. ఆదివారం మ్యాచ్ ఉంటే హాయిగా అటూ ఇటూ దూకుతున్నాను. దయ్యాలకి కూడా వారానికో సెలవు ఉంటుంది కాబోలు అని నవ్వుకున్నాను, ఒక్కణ్ణే.

మధ్యలో రెండు వారాలు అసలు రాలేదు. ఆ రెండు వారాలూ నా మీదుగా ఒక్క బంతి పోలేదు. పేపర్లో ఫొటో కూడా వేశారు. ఇక వెళ్లిపోయాడనుకున్నాను. మళ్ళీ వచ్చాడు. కానీ చిక్కిపోయాడక్కా. ముందు పోస్టుకి ఆనుకుని నిలబడేవాడు, ఇప్పుడు పోస్టే ఆసరాగా నిలబడుతున్నాడు. తలకి ఏదో గుడ్డ చుట్టుకున్నట్టుంది. అన్నయ్య ఎప్పుడైనా తలకి గుడ్డ కట్టాడా? నాకు గుర్తు లేదు.

వచ్చే బుధవారం కాక, ఆ పై బుధవారం ఆఖరి మ్యాచ్. ఓడిపోకుండా ఉంటే చాలు, పై డివిజన్‌లో నిలబడతాం. ఓడితే కింద పడతాం. క్లబ్బు పడితే సగం మందికి ఉద్యోగాలు పోతాయి, అందరికంటే ముందు నాది. కోచ్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నీ ఎడమ సంగతి అవతలి జట్టు వాళ్ళకి కూడా తెలిసిపోయింది. అన్నీ అటే కొడతారు. చేతకాదంటే ఇప్పుడే చెప్పు, రెండో కీపర్ని పెడతాను" అన్నాడు. చేతనవుతుంది అన్నాను. అబద్ధం.

అక్కా, ఒక్క సాయం చెయ్యి. నా మాట అన్నయ్య ఏనాడూ వినలేదు, చిన్నవాణ్ణి కదా. నువ్వు చెబితే వినేవాడు. ఇంట్లో అన్నయ్య ఫొటో ముందు కూర్చుని నా తరఫున చెప్పు. ఇక చాలు, నన్ను వదిలేసి వెళ్లిపొమ్మని చెప్పు. బుధవారం లోపల.

నీ
పిల్లి


సోమవారం

ప్రియమైన నా పిల్లిగాడికి,

మ్యాచ్ అయ్యాక చెబుదామనుకున్నాను. కానీ నువ్వు వెళ్లిపొమ్మంటున్నావు. అందుకని ఇప్పుడే చెప్పాలి.

ఒరేయ్, ఒకటడుగుతాను, ఆలోచించి చెప్పు. అన్నయ్య స్తంభంగా నిలబడితే, మరి బంతి తన్నింది ఎవర్రా?

సందు ఆ చివర్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, పళ్ళు బిగించి నీ మీదికి కొట్టింది ఎవరు? అన్నయ్య. నువ్వు గోల్లో. కుడి వైపు కరెంటు స్తంభం. ఎడమ వైపు ఎవరు మిగిలారు?

నేను.

ఆడపిల్లకి తన్నడం రాదని అన్నయ్య నన్ను స్తంభం చేశాడు. ముందు రెండు రోజులు ఉక్రోషంగా ఉండేది. తర్వాత ఆ పనే నచ్చింది. నువ్వెలా దూకుతున్నావో నాకు కనిపించినంత దగ్గరగా ఎవరికీ కనిపించేది కాదు. కనుబొమ్మ చిట్లింది నాది. మచ్చ ఇంకా ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. నీ కళ్ళు మంచివని డాక్టరు చెప్పాడు కదా, ఇన్నేళ్లుగా అక్క ముఖంలో ఆ మచ్చ చూడలేదా?

నీ ఉత్తరం చదివి చాలా బాధ పడ్డాను. దయ్యాన్ని చూశావని కాదు. ఆ ఆటలో నేను లేనే లేనన్నట్టు రాశావు. స్తంభాన్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారులే అని సర్ది చెప్పుకున్నాను. రెండు రోజులు పట్టింది సర్దుకోవడానికి. అందుకే ఆ నాలుగు ముక్కల ఉత్తరం.

ఇప్పుడు రెండో సంగతి. పన్ను నొప్పి కాదు. రొమ్ములో గడ్డ. కోసి తీశారు, మందులెక్కిస్తున్నారు, జుట్టంతా ఊడింది. తలకి గుడ్డ కట్టుకుంటున్నాను. నువ్వు మొదటిసారి చూసిన ఆ బుధవారం నుంచే మెషీన్ కింద పడుకోబెట్టి కరెంటు కూడా పెడుతున్నారు. సాయంత్రం కాబోతుండగా నా వంతు వస్తుంది. ఆదివారాలు మెషీన్‌కి సెలవు. మధ్యలో నెత్తురు తగ్గిందని రెండు వారాలు ఆపేశారు.

నువ్వు రాసిన రోజులూ నా మెషీన్ రోజులూ ఒక్కటీ తప్పకుండా సరిపోయాయి. ఉత్తరం మడిచి తలగడ కింద పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. పక్కింటి పిన్నికి కూడా చెప్పలేదు.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. ఇనప బల్ల మీద పడుకోబెడతారు. చల్లగా ఉంటుంది. ఒక అమ్మాయి నన్ను అటూ ఇటూ సర్ది, ఛాతీ మీద గీతలు సరి చూసుకుని, బయటికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. గోడలోంచి తన గొంతు మాత్రం వినిపిస్తుంది. "అమ్మా, కదలకండి." వెంట్రుకవాసి కదిలినా కిరణం పక్కన పడుతుందట. మొదటి రోజు వణికిపోయాను. ఒక్కదాన్ని, ఆ గదిలో, ఆ మెషీన్ కింద. ఇంటికి వెళ్లినా ఒంటికాయ శొంఠికొమ్మునే కదా, అయినా అంత ఒంటరితనం ఎప్పుడూ తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కదలకుండా ఉండటం నాకు చిన్నప్పుడే నేర్పారని. కళ్ళు మూసుకుని సందులోకి వెళ్లిపోయాను. కాళ్ళు దగ్గర పెట్టి, చేతులు కిందికి వదిలి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. అంతే, వణుకు పోయింది. అప్పటి నుంచి రోజూ అలాగే వెళ్తున్నాను. ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంటుంది, మీ అంత కదలకుండా ఎవరూ ఉండరని.

నేను నీ దగ్గరికి రాలేదురా. సందులోకే వెళ్లాను. నువ్వింకా అక్కడే ఉన్నావని నాకేం తెలుసు?

నిన్ను భయపెట్టాలని కాదు. నీకు చెబితే గ్లవ్స్ విసిరేసి వచ్చేస్తావని చెప్పలేదు. ఇప్పుడూ రావద్దు. బుధవారం ఆడు.

ఆ రోజు నన్ను గుద్దేశావని ఇప్పటిదాకా మోస్తున్నావు. నువ్వు మరిచిపోయింది చెప్పనా? నువ్వు నా మీద పడ్డావు గానీ, బంతి నీ చేతుల్లోనే ఉంది. అన్నయ్య ముఖం మాడిపోయింది. రక్తం కారుతూ నేను నవ్వాను. నవ్వకూడదని రూలు లేదు కదా.

బుధవారం కూడా నా వంతు అదే వేళకి. నేను వెళ్లకుండా ఉండలేను, వెళ్తే సందు తప్ప నాకు ఇంకో చోటు లేదు. కాబట్టి నేను అక్కడ ఉంటాను. నువ్వు ఎడమకి దూకు. నాకేం కాదు.

నీ అక్క


బుధవారం

ప్రియమైన అక్కకి,

రేపు పొద్దున రైలెక్కుతున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు వస్తుందో వెనక వస్తుందో తెలియదు. అయినా రాస్తున్నాను. జట్టు వాళ్ళంతా బయట గంతులు వేస్తున్నారు. నేను బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నిన్ను మరిచిపోయాను. దానికేం చెప్పాలో నాకు తెలియదు. వచ్చి చెబుతాను.

మ్యాచ్ ఆఖర్లో ఒకటి ఒకటి దగ్గర ఉండగా పెనాల్టీ ఇచ్చాడు రెఫరీ. అవతలి జట్టు పదో నంబరు వాడు బంతి పెట్టాడు. నా ఎడమ వైపు ఒక్కసారి చూసి నవ్వాడు. దాచనైనా దాచలేదు. నేను తల తిప్పలేదు. తిప్పక్కర్లేదు. నువ్వు ఉన్నావు. తలకి గుడ్డ. కాళ్ళు దగ్గరగా. ఇంత సన్నబడ్డావేమిటక్కా.

"దూకుతున్నానక్కా" అన్నాను, పైకే. మా డిఫెండరు నావైపు వింతగా చూశాడు.

వాడు కొట్టాడు. దూకాను. ఒళ్ళంతా చాపి, చిన్నప్పుడు దూకినట్టు. ఆ వంకర పోని వేలు ఉందే, దాని కొసకి తగిలింది బంతి. పోస్టుకి కొట్టుకుని బయటికి పోయింది. నా భుజం వెళ్లి పోస్టుకి తగిలింది. ఉట్టి ఇనుము. చల్లగా.

ఎందుకంటే నువ్వు కదిలావు.

నేను నీ మీద పడబోతుండగా పక్కకి జరిగావు. చూశాను. జీవితంలో మొదటిసారి నువ్వు కదలడం చూశాను. తర్వాత నువ్వు లేవు. అందరూ వచ్చి నా మీద పడి అరుస్తున్నారు, వాళ్ళ చంకల్లోంచి నేను నిన్ను వెతుకుతున్నాను. ఈల వేసేదాకా వెతికాను. పోస్టు దగ్గర గడ్డి తప్ప ఏమీ లేదు.

అక్కా, స్తంభం కదలకూడదు కదా. నెత్తురు కారుతున్నా కదలనిదానివి, ఈ రోజు ఎందుకు కదిలావు? ఎక్కడికి వెళ్లావు?

ఆఫీసులో ఫోన్ ఉంది. అక్కడిదాకా వెళ్లాను. రిసీవరు ఎత్తి మళ్ళీ పెట్టేశాను. ఆసుపత్రి వాళ్ళు ఏం చెబుతారో అని. ఎడమకి దూకే ధైర్యం వచ్చింది గానీ దీనికి రాలేదు. ఈ కాగితం రాస్తున్నంతసేపూ నువ్వు ఉన్నట్టే. అందుకని ఆపబుద్ధి కావడం లేదు.

ఉండు. నేను వచ్చేదాకా ఉండు.

నీ
పిల్లి


బుధవారం

ప్రియమైన పిల్లిగాడికి,

నువ్వేం చేశావో నాకింకా తెలియదు. పక్కింట్లో రేడియో పాడైపోయింది, పిన్ని దాన్ని కొడుతోంది గానీ అది పలకడం లేదు. రేపు పేపరు వస్తే చూడాలి. ఈలోపల నా సంగతి చెబుతాను.

ఈ రోజు నేను తిట్లు తిన్నాను.

మామూలుగానే పడుకోబెట్టారు. కదలకండి అంది ఆ అమ్మాయి. కళ్ళు మూసుకుని సందులోకి వెళ్లాను, కాళ్ళు దగ్గర పెట్టి నిలబడ్డాను. బాగానే ఉన్నాను. ఉన్నట్టుండి నువ్వు నా మీదికి వస్తున్నావు. ఆ రోజులా కాదు. ఇంత పొడుగు, ఇంత లావు, గాల్లో అడ్డంగా, చేతులు చాపి! ఎనిమిదేళ్ల పిల్లాడు వచ్చి పడితే నిలబడ్డాను గానీ, తొంభై కిలోల మనిషి మీద పడుతుంటే ఎవరు నిలబడతార్రా? జరిగిపోయాను.

నిజంగానే జరిగాను, బల్ల మీద. మెషీన్ ఆగిపోయింది. ఆ అమ్మాయి తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చి, "ఇన్ని రోజులు రాయిలా ఉన్నారు, ఈ రోజేమైందమ్మా?" అని గట్టిగా కేకలేసింది. మా తమ్ముడు దూకాడమ్మా, అన్నాను. మళ్ళీ గీతలు సరి చూసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టింది.

రెండోసారి పడుకోబెట్టినప్పుడు సందులోకి వెళ్లబోయాను. వెళ్లలేకపోయాను. ఆ గదిలోనే ఉండిపోయాను. కానీ ఒక్కదాన్ని కాదు. నా కుడి పక్కన, బల్లని ఆనుకుని ఎవరో నిలబడ్డారు. చేతులు కిందికి వదిలేసి. చేతులకి పెద్ద గ్లవ్స్. గడ్డి వాసన, చెమట వాసన. కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఉండవని నువ్వే రాశావు కదా. అయిపోయేదాకా అలాగే మూసుకున్నాను. కొంచెం కూడా కదల్లేదు.

ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి. తర్వాత ఏమిటన్నది డాక్టరు చెప్పడం లేదు, నేనూ అడగడం లేదు. మొన్న రావద్దని రాశాను. ఆ మాట కొట్టేశాననుకో. గెలిచినా ఓడినా సీజన్ అయిపోయింది కదా. రా. సందులో కుడి పక్క స్తంభం పీకేశారని చెప్పానుగా, ఆ చోటు ఖాళీగా ఉంది.

అన్నయ్య రూళ్ళు నీకు గుర్తున్నాయి. స్తంభం కదలకూడదు. ఈ రోజు కదిలాను. స్తంభం మాట్లాడకూడదు. మొన్న ఉత్తరంలో అంతా మాట్లాడేశాను. ఇక మిగిలింది ఒక్కటే. గడ్డ అని చెప్పిన రోజు నుంచి దాన్ని పట్టుకుని ఉన్నాను, పిన్ని ముందు కూడా వదల్లేదు.

అది నువ్వొచ్చాక. తొందరగా రా.

నీ అక్క